వాన నీటితో ఇంకేం ఇంకుతోంది?

మూడేళ్ల కిందటి జులై. మా మక్క చేను ఇరవై రోజుల పైరు. ఎర్ర చెలక, కింద మొరం. ఆ రోజు సాయంత్రం బాపు ఎకరానికి ఒక బస్తా లెక్కన యూరియా చల్లి ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చొని పడమటి దిక్కు మబ్బు చూసి తృప్తిగా అన్నాడు: "రాత్రికి వాన పడేటట్టుంది. మందు మంచిగ ఇంకుతది."

వాన పడింది. తెల్లారేదాకా కొట్టింది, మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగలేదు. పది పన్నెండు రోజుల తర్వాత చేనులోకి వెళ్తే కింది ఆకులు కొనల నుంచి మధ్య ఈనె వెంట లోపలికి పసుపు పాకుతున్నాయి. నత్రజని అందని మక్క అలాగే ఉంటుంది. బాపుకి మందు మీదే అనుమానం. కల్తీ బస్తా అంటగట్టారన్నాడు. నేనూ అదే నమ్మాను. మళ్లీ లైన్లో నిలబడి ఇంకో బస్తా తెచ్చి చల్లాం.

మందులో కల్తీ లేదని తర్వాత అర్థమైంది. బాపు కోరుకున్నట్టే అది మంచిగా ఇంకింది. వేళ్లు అందుకోలేనంత లోతుకు ఇంకింది.

అప్పటి నుంచి "ఇంకడం" అనే మాట దగ్గర నేను ఆగిపోతున్నాను. మన భాషలో ఈ మాటకు చెడ్డ అర్థం లేదు. వాన ఇంకింది అంటే సంతోషం, చెరువు నీరు ఇంకి బావుల్లో ఊట పెరిగింది అంటే ఊరికి మంచి రోజులు. ఇంకుడు గుంతలు తవ్వమని ప్రభుత్వాలు చెబితే అందరం తలూపుతాం. ఆ నీళ్లలో కరిగి ఏం పోతోందని మాత్రం అడగం. అడగకపోవడానికి కారణం మన మనసుల్లో స్థిరపడిపోయిన ఒక నమ్మకం: భూమి అన్నిటినీ వడగడుతుంది, లోపలికి వెళ్లినదంతా శుభ్రమై ఊటగా వస్తుంది. ఈ నమ్మకం సగం నిజం. మిగతా సగం దగ్గరే మన పొలాలు, బావులు, చివరికి మన ఎముకలు కూడా దెబ్బ తింటున్నాయని నా వాదన.

దీన్ని కళ్లతో చూడడానికి లాబొరేటరీ అక్కర్లేదు. రెండు ప్లాస్టిక్ సీసాల అడుగులు కోసి, మూతులకు గుడ్డ కట్టి తలకిందులుగా నిలబెట్టాను. రెండింట్లోనూ మా చెలక మట్టి జల్లించి పోసి, ముందు మామూలు నీళ్లతో తడిపాను. ఒకదాంట్లో నోటి పూతకు రాసే ఊదా రంగు మందు, జెన్షన్ వయొలెట్, చుక్కలు కలిపిన నీళ్లు పోశాను. రెండోదాంట్లో ఇయోసిన్‌తో చేసిన ఎర్ర సిరా కలిపిన నీళ్లు. ఊదా నీళ్లు పోసిన సీసా కింద తెల్లటి నీళ్లే కారాయి. రంగంతా పై రెండు అంగుళాల మట్టికి పట్టేసింది. ఎర్ర నీళ్లు పోసిన సీసా కింద మొదట కాసేపు తెల్లగా కారి, తర్వాత ఎరుపు దిగింది. కాస్త వెలిసినా ఎరుపు ఎరుపే.

ఒకే మట్టి, ఒకే నీళ్లు. ఒక రంగును పట్టుకుంది, ఇంకోదాన్ని వదిలేసింది. బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది. ధనావేశం ఉన్నవి దానికి అతుక్కుంటాయి. ఊదా మందు అలాంటిది. నత్రజనికి ఒక రూపమైన అమ్మోనియం, ఇంకా పొటాషియం, కాల్షియం అలాంటివే. రుణావేశం ఉన్నవి, అంటే నత్రజనికే ఇంకో రూపమైన నైట్రేట్, క్లోరైడ్, ఆ ఎర్ర సిరా, నీళ్లు ఎటు పోతే అటు పోతాయి. జల్లెడ రాళ్లను ఆపినట్టు మట్టి వీటిని పరిమాణం చూసి ఆపదు. ఒకదాన్ని పట్టుకోవాలంటే అప్పటిదాకా పట్టుకున్న ఇంకోదాన్ని వదిలిపెడుతుంది. 1840లలో ఇంగ్లండ్‌లో యార్క్ ప్రాంతపు రైతు థాంప్సన్ గొట్టంలో నింపిన మట్టి మీద అమ్మోనియం సల్ఫేట్ నీళ్లు పోస్తే, కింద జిప్సం (కాల్షియం సల్ఫేట్) కరిగిన నీళ్లు వచ్చాయి. మట్టి అమ్మోనియంను తీసుకొని తన కాల్షియంను ఇచ్చేసింది. అక్కడి రాయల్ అగ్రికల్చరల్ సొసైటీ రసాయనవేత్త థామస్ వే ఆ ప్రయోగాలను ఇంకా ముందుకు తీసుకెళ్లి 1850లో ప్రచురించాడు. నైట్రేట్‌ను మాత్రం మట్టి పట్టుకోవడం లేదని ఆయన కూడా గమనించాడు. నూట డెబ్బై ఏళ్లకు పైబడిన ఈ సంగతి మా ఊరికి ఇంకా రాలేదని నా బాధ.

ఇప్పుడు యూరియా కథ చూడండి. యూరియా అణువుకు ఏ ఆవేశమూ లేదు. చల్లిన రాత్రే పెద్ద వాన పడితే అది యూరియాగానే నీళ్లతో కిందికి జారుతుంది. నేలలో నాలుగైదు రోజులుంటే అమ్మోనియంగా మారుతుంది, అప్పుడు మట్టి పట్టుకుంటుంది. ఆ తర్వాత ఒకటి రెండు వారాల్లో, వేడీ తేమా ఉన్న మన వానాకాలపు నేలలో ఇంకా తొందరగా, బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. మళ్లీ చేయి జారుతుంది. మూడు దశల్లో మధ్యది ఒక్కటే మట్టి చేతికి చిక్కేది. యూరియాకు 2015 నుంచి తప్పనిసరిగా వేప నూనె పూత పూస్తున్నది ఆ మధ్య దశను కొంచెం సాగదీయడానికే. సాగదీస్తుంది, ఆపదు.

ఇక లోతు లెక్క. చెలక నేల తడిసి, పైనుంచి జారాల్సిన నీళ్లు జారిపోయాక, దాని ఘనపరిమాణంలో సుమారు ఐదో వంతు నీళ్లు నిలబడి ఉంటాయనుకుందాం. దాని మీద కొత్తగా 10 సెంటీమీటర్ల నీళ్లు ఇంకితే, అవి పాత నీళ్లను ముందుకు తోస్తాయి. ఐదింతల లోతుకు, అంటే అర మీటరు కిందికి. నైట్రేట్ ఆ తోపుతోనే కదులుతుంది. ఇరవై రోజుల మక్కకు అంత లోతున ఎన్ని వేళ్లుంటాయి? అదే 10 సెంటీమీటర్ల నీళ్లు నల్లరేగడిలో ఇంకితే, అది తన ఘనపరిమాణంలో ఐదింట రెండు వంతుల దాకా నీళ్లు పట్టుకునే నేల కాబట్టి, పాతిక సెంటీమీటర్లే తోస్తాయి. మా చేలో జరిగింది ఈ చిన్న భాగాహారమే.

ఆ సీసా ప్రయోగంలో మొదట తెల్ల నీళ్లు కారాయని చెప్పాను కదా. అవి నేను ముందు పోసిన మామూలు నీళ్లు. కొత్త నీళ్లు పైన దిగుతుంటే పాత నీళ్లు కింద కారుతున్నాయి. వాన పడిన మర్నాడు బావిలో ఊట పెరిగితే రాత్రి వానే వచ్చిందనుకుంటాం. చాలాసార్లు అది నిరుడో ముందేడో కురిసిన వాన. రాత్రి వాన దాన్ని గెంటింది, అంతే. అంటే మనం ఈ రోజు తాగే నీళ్లలో ఉన్నది మనం ఎప్పుడో చేసిన పని.

నీళ్లు ఎంత వేగంగా దిగుతాయన్నది ఫ్రాన్స్‌లో డిజాన్ నగరానికి మంచినీళ్లు తెచ్చిన ఇంజనీరు హెన్రీ డార్సీ 1856లో ఇసుక నింపిన గొట్టాలతో లెక్కగట్టాడు. ఎత్తు తేడా ఎక్కువైతే వేగం పెరుగుతుంది, దారి పొడవైతే తగ్గుతుంది. నిండా తడిసిన ఇసుకకు అది చక్కగా సరిపోతుంది. పొలం ఎప్పుడూ నిండా తడిసి ఉండదు. నేల ఆరుతున్న కొద్దీ ముందు పెద్ద సందులు ఖాళీ అవుతాయి, ఖాళీ సందు గుండా నీళ్లు నడవవు. అందుకే బాగా ఎండిన ఇసుక నేలలో కంటే, అంతే ఎండిన బంకమట్టిలో నీటి కదలిక ఎక్కువగా ఉండవచ్చు. వినడానికి తలకిందులుగా ఉంది గానీ రైతుకు ఇది తెలుసు. దుబ్బ నేల పైన ఎండినా కింద పదును మిగిలి ఉంటుంది, ఎందుకంటే ఎండిన పై పొర మూత వేసినట్టు పనిచేస్తుంది. వాన తర్వాత గుంటక తోలడంలో ఉన్న తెలివి అదే.

నల్లరేగడి కథ వేరు. ఎండాకాలంలో అది నెర్రెలు విచ్చుతుంది, చెయ్యి దూరేంత. తొలకరి నీళ్లు మట్టిలోకి ఇంకకుండా ఆ నెర్రెల గుండా నేరుగా కిందికి పడిపోతాయి. పైన వేసిన మందు కరిగి ఉంటే అది కూడా వాటితోనే. నేల మధ్య భాగం తడవకముందే అడుగున నీళ్లు కనిపిస్తాయి. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ పరిశోధన క్షేత్రంలో 1870లో నేలను కదపకుండా అలాగే కింద తొలిచి, 20, 40, 60 అంగుళాల లోతున కారే నీళ్లు పట్టే ఏర్పాటు చేశారు. నేల పూర్తిగా తడవక ముందే కొన్ని నీళ్లు అడ్డదారుల్లో దిగిపోతున్నాయని లాస్, గిల్బర్ట్, వారింగ్టన్ అప్పుడే రాశారు. దీనికి రెండో వైపు కూడా ఉంది. నైట్రేట్ మట్టి పెళ్లల లోపలికి చేరి ఉంటే, నెర్రెల్లో పరుగెత్తే నీళ్లు దాన్ని తాకకుండానే పోతాయి. అప్పుడు అదే నెర్రె మందును కాపాడుతుంది. అంటే రేగడిలో మందు ఎంత వేశామన్నదానికి దీటుగా, నెర్రెలు పూడకముందు వేశామా పూడాక వేశామా అన్నదీ లెక్కకొస్తుంది. పత్తి వేసే ప్రతి ఊళ్లోనూ ఈ ఒక్క ముక్క చెప్పే మనిషి ఉండాలని నా కోరిక.

చేను సంగతి తెలిశాక బావి గురించి టెన్షన్ పట్టుకుంది. మా చేలో పాత మోటబావి ఉంది, కూలీలూ మేమూ అవే నీళ్లు తాగుతాం. నీళ్లు పట్టి పరీక్షకు పంపితే లీటరుకు 78 మిల్లీగ్రాముల నైట్రేట్ వచ్చింది. తాగునీటికి మన దేశ ప్రమాణం 45. కాగితం చూసి బాపు "నీళ్లు తేటగనే ఉన్నయి కద" అన్నాడు. నైట్రేట్‌కు రంగు లేదు, వాసన లేదు, ఆ మోతాదులో రుచి తెలియదు. కాచినా పోదు. నీళ్లు ఆవిరవుతాయి కాబట్టి ఇంకా చిక్కబడుతుంది. పెద్దవాళ్లకు వెంటనే ఏమీ తెలియకపోవచ్చు, ఆర్నెల్లలోపు పిల్లలకు ఆ నీళ్లతో పాలు కలిపితే రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితి రావచ్చు, ఒళ్లు నీలంగా మారుతుంది.

ఒక బస్తా ఎంత నీటిని పాడు చేయగలదో లెక్క వేశాను. 45 కిలోల బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. అదంతా నైట్రేట్‌గా మారితే సుమారు 92 కిలోలు. ఏమీ లేని శుభ్రమైన నీటిని 45 మిల్లీగ్రాముల హద్దుకు తీసుకురావడానికి అది 20 లక్షల లీటర్లకు సరిపోతుంది. ఎకరం మీద అర మీటరు ఎత్తున నిలిచిన నీళ్లన్నమాట. బస్తా మొత్తం కిందికి పోదు, పంట తీసుకుంటుంది, కొంత గాలిలో కలుస్తుంది. పావు వంతే పోయిందనుకొని ఆ లెక్కను నాలుగు పెట్టి భాగిస్తే వచ్చేది చిన్న సంఖ్య కాదు.

యూరియా ఒక్కదాని మీదే నేరం మోపడం అన్యాయం. ఊరి లోపలి చేదబావుల్లో నైట్రేట్ ఎక్కువుంటే ముందు చూడాల్సింది మరుగుదొడ్ల గుంతలను, పెంటకుప్పలను. నైట్రేట్‌తో పాటు క్లోరైడ్ కూడా ఎక్కువుండి, బ్యాక్టీరియా కనిపిస్తే అనుమానం అటే పోవాలి. మట్టి బ్యాక్టీరియాను బాగానే ఆపుతుంది, దారి పొడవుగా ఉండి నీళ్లు నెమ్మదిగా నడిస్తే అవి మధ్యలోనే చస్తాయి. మన దక్కన్ గ్రానైట్ ప్రాంతంలో మట్టి పలచన, దాని కింద పగిలిన రాయి. పగులులోకి చేరిన నీళ్లకు వడపోత లేదు. మరుగుదొడ్డి గుంత అడుగు మొరం దాటి రాయిని తాకితే, పక్కింటి బోరుకు అది పైపు వేసినట్టే. వరి మళ్ల కింద పరిస్థితి కొంత నయం. దమ్ము చేసిన మడి అడుగు గట్టిపడి నీళ్లను దిగనీయదు, నిలిచిన నీటిలో నత్రజని ఎక్కువగా అమ్మోనియంగానే ఉంటుంది.

ఫ్లోరైడ్ అయితే భూమి వడగడుతుందన్న నమ్మకానికి పూర్తిగా అడ్డం తిరిగిన కథ. నల్లగొండ గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఎముకలు వంగిపోయిన మనుషుల గురించి 1937లోనే వైద్యులు రాశారు. అక్కడ ఎవరూ పైనుంచి విషం పోయలేదు. వాన నీళ్లు శుభ్రంగానే దిగి, గ్రానైట్‌లోని ఖనిజాల మధ్య ఏళ్ల తరబడి నిలిచి ఫ్లోరైడ్‌ను కరిగించుకున్నాయి. నీళ్లలో కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి గట్టిపడి నీళ్లలోంచి విడిపోతుంది. కాల్షియం తక్కువై, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువైతే ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉండిపోతుంది. ఎంత లోతు బోరు అయితే అంత మంచి నీళ్లు అని మూడు తరాలుగా విన్నాం. లోతు అంటే రాయితో ఎక్కువ కాలం కాపురం చేసిన నీళ్లు అని ఎవరూ చెప్పలేదు.

పైకి వచ్చే నీళ్ల మాట కూడా చెప్పాలి. మట్టిలోని సన్నని సందులు నీటిని కిందికే పంపవు, దీపంలో వత్తి నూనెను లాగినట్టు పైకి కూడా లాగుతాయి. కాలువ కింద నీళ్లు ఎక్కువ పారి, భూగర్భ జలమట్టం నేల మట్టానికి మీటరు, మీటరున్నర దగ్గరికి వస్తే ఆ నీళ్లు పైకెక్కి ఆవిరవుతాయి. ఆవిరి పోతుంది, ఉప్పు మిగులుతుంది. లీటరుకు అర గ్రాము ఉప్పున్న నీళ్లు, ఆ మాత్రం రుచికి తీయగానే ఉంటాయి, ఎకరానికి మీటరు ఎత్తున పారితే రెండు టన్నుల ఉప్పు చేర్చినట్టు. కిందికి పోయే దారి లేకపోతే అది అక్కడే ఉంటుంది. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో జాలుబారిన మడి పక్కన తెల్లగా తేలిన చౌడును చిన్నప్పుడు గిన్నెలు తోమడానికి తెచ్చుకునేవాళ్లం. అది ఒక పొలం చావు అని అప్పుడు తెలియదు.

చౌడు బాగుచేయడానికి జిప్సం వేయమంటారు. అది చేసే పని థాంప్సన్ గొట్టంలో జరిగినదే, వేరే జతతో. జిప్సంలోని కాల్షియం మట్టికి అతుక్కొని సోడియంను విడిపిస్తుంది. విడిపించిన సోడియం బయటికి పోవడానికి మురుగు కాలువ ఉండాలి. అది లేకుండా జిప్సం బస్తాలు పంచడం మీద నాకు కోపం. కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉప్పుగుండూరు దగ్గర భూమి లోపల చిల్లుల గొట్టాలు వేసి ఉప్పు నీళ్లను బయటికి పంపే పద్ధతిని బాపట్ల శాస్త్రవేత్తలు చేసి చూపించారు. నీళ్లు తెచ్చే కాలువకు కొబ్బరికాయ కొట్టడానికి అందరూ వస్తారు. మురుగు కాలువ పూడిక తీయడానికి మాత్రం ఎవరినీ పిలవరు.

ఇప్పుడు ఇంకుడు గుంతల దగ్గరికి వస్తాను. నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం 2002లో వాల్టా చట్టం వచ్చినప్పటి నుంచి వాన నీటిని ఇంకించడం గురించి మనం చాలా విన్నాం. నేను దానికి వ్యతిరేకిని కాను. ఇంటి కప్పు మీది నీళ్లు, తొలి వాన వదిలేసి, ఇసుకా కంకరా దాటించి ఇంకిస్తే అంతకంటే మంచి పని లేదు. ఫ్లోరైడ్ ఉన్నచోట అది నీటిని పలచన కూడా చేస్తుంది. ఎండిన బోరు కేసింగ్‌కు చిల్లులు పెట్టి, చుట్టూ గుంత తవ్వి, చేలో పారే నీళ్లన్నీ అందులోకి మళ్లించడం వేరు. మా పక్క చేను ఆయన నిరుడు అదే చేశాడు. ఆ నీళ్లు మూడు చేల యూరియాను, పురుగుమందును, కలుపుమందును కడుక్కొని వస్తాయి. మట్టిలో పట్టుకునేవి పట్టుకోవడానికి, బ్యాక్టీరియా తినేవి తినడానికి కావాల్సింది పై అడుగు రెండడుగుల సజీవమైన నేల. బోరు గొట్టం ఆ రెండడుగులనే దాటించేస్తుంది. నేను చెబితే ఆయన నొచ్చుకున్నాడు, "నీళ్లు లోపలికి పోతే కూడ తప్పేనా తమ్మీ" అన్నాడు. ఎన్ని గుంతలు తవ్వామో లెక్క రాసే అధికారులు, ఏ నీళ్లు వాటిలోకి పోతున్నాయో కూడా ఒక గడిలో రాయాలని నేనంటాను. కాగితం మీద ఒక్క గడి ఎక్కువ.

యూరియాను ఒకేసారి కాక కొద్దికొద్దిగా దఫాల్లో చల్లమని నేనంటే, నాకు ఎదురయ్యే జవాబు న్యాయమైనదే. 2025 వానాకాలంలో తెలంగాణలో రైతులు యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి రాత్రుళ్లు కాచుకున్నారు. దొరికిన రోజు తెచ్చి దొరికినంతా చల్లేవాడిని మూడు దఫాలుగా చల్లమంటే ఏమంటాడు? కూలి మూడింతలు, బస్తా మళ్లీ దొరుకుతుందన్న భరోసా లేదు. నిజమే. కానీ ఆ కొరతలోనే నా వాదన ఇంకా బలపడుతుంది. రాత్రంతా నిలబడి తెచ్చిన బస్తాలో పెద్ద వాటాను ఒక్క వానకు వదిలేయడం కంటే పెద్ద నష్టం ఏముంది? సన్న జల్లుకు ముందు చల్లడం మంచిదే, అది మందును నేలలోకి దించి గాలిలో పోకుండా ఆపుతుంది. భారీ వాన హెచ్చరిక ఉన్నప్పుడు ఆపుకోవాలి. ఫోన్లో వాతావరణం చూసే అలవాటు ఊళ్లో ప్రతి కుర్రాడికీ ఉంది. చల్లే బదులు మొక్క పక్కన గాడి తీసి వేసి మట్టి కప్పడం కూలి పెంచే పనే, మేం రెండెకరాల్లో చేస్తున్నాం.

ఇంకో పని చెరువు మట్టి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక తీసి ట్రాక్టర్లతో చెలకలకు తోలుకున్న రైతులు ఎరువు ఖర్చు తగ్గుతుందని సంతోషించారు. చెలకకు కొరవడిన బంకమట్టిని అది తిరిగి ఇస్తుంది, అంటే నీళ్లను నిలబెట్టే సన్నని సందులను, అమ్మోనియంను పట్టుకునే చేతులను. ఏళ్ల తరబడి మన చేల నుంచే కొట్టుకుపోయిన మట్టి అది. భాస్వరం కూడా అందులోనే ఉంటుంది. భాస్వరం నైట్రేట్‌లా కిందికి దిగదు, మట్టి రేణువును పట్టుకొని పక్కకు, చెరువులోకి పోతుంది.

బావి విషయంలో నాకు తొందర లేదు. రోథామ్‌స్టెడ్‌లో ఆ మూడు దిమ్మెల మీద 1870 నుంచి పంట వేయలేదు, ఎరువు వేయలేదు. అయినా కింద కారే నీళ్లలో నైట్రేట్ దశాబ్దాల పాటు వస్తూనే ఉంది. సగానికి తగ్గడానికి నలభై ఏళ్లు పట్టింది. మా నేలా మా ఎండలూ వేరు, పొర పలచన, కాబట్టి అంత కాలం పట్టదని ఆశ. బాపు ఇప్పుడు మబ్బు చూసి బస్తా విప్పడు, నన్ను ఫోన్ చూడమంటాడు. చేలోకి తాగే నీళ్లు ఇంటి నుంచి క్యాన్‌లో తీసుకెళ్తున్నాం. ఈ మే నెలలో బావి నీళ్లు మళ్లీ పంపితే 71 వచ్చింది. ఏడు మిల్లీగ్రాముల తేడా ఒక్క మంచి వానాకాలానికీ రావచ్చు, దాన్ని మార్పు అని చెప్పలేను. దీపావళి వెళ్లాక, ఊట నిండుగా ఉన్నప్పుడు ఇంకో సీసా పట్టాలి.